సముద్రం కథ బేస్‌మెంట్‌లో వేస్తున్నాం, తుఫాను ఎలా చూపించాలి?

మంచుకిటికీ (డిసెంబర్ 1)
అందరికీ నమస్కారం. మేం మినియాపొలిస్ పక్కన ఉంటాం. ఇక్కడ నవంబర్ చివర నుంచి మార్చి దాకా బతుకంతా ఇంట్లోనే. డిసెంబర్‌లో సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడిపోతుంది. 2019 జనవరి 30న మైనస్ 28 ఫారెన్‌హీట్ పడింది, అంటే మైనస్ 33 సెల్సియస్, బడులన్నీ మూసేశారు, పిల్లలతో ఆ రోజంతా దుప్పట్లలో గడిపిన సంగతి ఇప్పటికీ గుర్తే. ఈసారి మా మామయ్యగారు కూడా గుంటూరు జిల్లా నుంచి వచ్చి ఉన్నారు. ఊళ్ళో పొద్దున్నే అయిదింటికి లేచి ఊరంతా తిరిగొచ్చే మనిషి, ఇక్కడ వంటింటి కిటికీకీ ముందుగది కిటికీకీ మధ్య నడుస్తూ ఉంటారు. చూస్తుంటే నాకు కడుపులో దేవినట్టుంటుంది.

అందుకే ఈ చలికాలం ఒక నాటకం వేద్దామనుకున్నాం. గ్రీకు పురాణంలో అల్కయోనీ కథ. తెలియనివాళ్ళ కోసం చెప్తాను. గాలుల్ని కట్టేసి ఉంచే ఏయోలస్ కూతురు అల్కయోనీ. భర్త కేయిక్స్, ట్రాకిస్ రాజు. దైవవాక్కు అడగడానికి సముద్రం మీద క్లారోస్ వెళ్తానంటాడు. వద్దని ఏడుస్తుంది, చిన్నప్పుడు నాన్న ఇంట్లో ఆ గాలుల్ని దగ్గరగా చూసిన పిల్ల, అవి ఏం చేయగలవో ఆమెకి తెలుసు. చంద్రుడు రెండుసార్లు నిండేలోగా వస్తానని మాటిచ్చి వెళ్తాడు. అదే రాత్రి తుఫాను, ఓడ మునిగిపోతుంది. ఆ సంగతి తెలియక ఆమె ఇంట్లో రోజులు లెక్కపెడుతూ, అతను క్షేమంగా రావాలని రోజూ గుళ్ళో దేవతని వేడుకుంటూ ఉంటుంది. చచ్చిపోయినవాడి కోసం వేడుకుంటుంటే దేవత తట్టుకోలేక నిద్రదేవుడికి కబురు పంపుతుంది, కలలో నిజం చెప్పించమని. చివరికి ఇద్దరూ లకుముకి పిట్టలవుతారు. చలికాలంలో ఆ పిట్ట నీటి మీద గూడు పెట్టి పొదిగే రోజుల్లో ఏయోలస్ గాలుల్ని బయటికి వదలడు, మనవల కోసం.

మాకున్నది 25 అడుగుల పొడవు, 14 అడుగుల వెడల్పు బేస్‌మెంట్, పైకప్పు ఏడున్నర అడుగులు. ఒక హాలు మాట్లాడుకున్నాం కానీ వాళ్ళు చివర్లో కుదరదన్నారు. నటులు ముగ్గురం పెద్దవాళ్ళం, ఇద్దరు పిల్లలు. చూసేవాళ్ళు 20 మంది ఉంటారు. కింద కార్పెట్, నీళ్ళు పోయడానికి లేదు. ఓడ మునగడం ఎలా చూపించాలి? తేదీ డిసెంబర్ 28.

తెరతాడు (డిసెంబర్ 1)
అమ్మా, నేను హైదరాబాద్‌లో ముప్పై ఏళ్ళుగా నాటకాల వెనక పనిచేస్తున్నాను, లైట్లు, తెరలు, సెట్లు. ముందుగా ఒకటి చెప్తాను. చూపించాలన్న ఆలోచన మానెయ్యి. ఏడున్నర అడుగుల పైకప్పు కింద నీలం చీరలు ఊపితే అలలు కనబడవు, చీరలే కనబడతాయి. సురభి వాళ్ళు 1885లో కీచకవధతో మొదలుపెట్టినప్పటి నుంచీ వానలూ మంటలూ ఆకాశంలో ఎగరడాలూ కళ్ళ ముందు చేసి చూపిస్తూ వచ్చారు, కానీ దానికి ఎత్తు కావాలి, తాళ్ళు కావాలి, స్టేజీ పక్కన వింగ్స్ కావాలి, తరాల నుంచి ఆ పని తప్ప వేరే పని తెలియని కుటుంబం కావాలి.

గ్రీకు నాటకంలో చావు దాదాపుగా తెర ముందు జరగదు కదా. ఎవడో పరిగెత్తుకొచ్చి చెప్తాడు. మీ దగ్గర చెప్పగలిగేవాళ్ళు ఎవరున్నారు?

నాటకాలబండి (డిసెంబర్ 2)
నాదొక ప్రశ్న, తప్పుగా అనుకోవద్దు. నేను విజయవాడలో డిగ్రీ చదువుతున్నాను, మా కాలేజీలో నాటకం టీమ్ ఉంది. భర్త కోసం ఎదురుచూసే కథలు మనకి లేవా? సావిత్రి ఉంది, ఊర్మిళ ఉంది. పద్నాలుగేళ్ళు ఇంట్లోనే ఉన్న ఊర్మిళ కంటే ఇంట్లో ఉండిపోయిన మనిషి ఎవరు చెప్పండి. ఎక్కడో ఉన్న కథ తెచ్చి పేర్లు కూడా నోరు తిరగకుండా ఎందుకు వేయాలి?

ఏథెన్సుబాట (డిసెంబర్ 2)
నేను ఏథెన్స్‌లో పరిశోధన చేస్తున్నాను కాబట్టి రెండు మాటలు చెప్తాను. మీరు చెప్పిన కథ వివరంగా ఉన్నది ఓవిడ్ అనే రోమన్ కవి లాటిన్ కావ్యంలో, పదకొండో భాగంలో. గ్రీకులో అపొలోడోరస్ పేరు మీద ఉన్న పుస్తకంలో కథ పూర్తిగా వేరు. అందులో ఆ దంపతులు గర్వంతో ఒకరినొకరు జ్యూస్, హెరా అని, దేవతల రాజు, రాణి పేర్లతో పిలుచుకుంటారు, అందుకు శిక్షగా పిట్టలవుతారు. తుఫాను లేదు, ఎదురుచూపు లేదు. ఏది వేస్తున్నారో ముందే తేల్చుకోండి, రెండూ కలిపితే నాటకం చెడుతుంది.

ఇక్కడ జనవరి మధ్యలో గాలి ఆగి ఎండ కాస్తే ఇప్పటికీ అల్కయోనీ రోజులు అంటారు, టీవీలో వాతావరణం చెప్పేవాళ్ళతో సహా. పోయినేడు పిరేయస్‌లో ఒక ముసలాయన గట్టు మీద బనీనుతో కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు, చుట్టూ నీళ్ళు అద్దంలా ఉన్నాయి. అరిస్టాటిల్ ఈ రోజుల్ని 14 అని లెక్క చెప్పాడు, ఏడాదిలో అతి పొట్టి పగటికి ముందు ఏడు, తర్వాత ఏడు. మీ డిసెంబర్ 28 సరిగ్గా చివరి రోజు అవుతుంది, తెలిసే పెట్టారా?

చలికాలం నాటకం కొత్తేమీ కాదు. ప్రాచీన ఏథెన్స్‌లో లెనాయా అని ఒక పండుగ జనవరి, ఫిబ్రవరి ప్రాంతంలో జరిగేది. సముద్ర ప్రయాణాలు ఆగిపోయే కాలం, బయటి ఊళ్ళవాళ్ళు రారు, ఊళ్ళోవాళ్ళే కూర్చుని చూసేవాళ్ళు. క్రీ.పూ. 425లో అరిస్టోఫనీస్ నాటకంలో ఒక పాత్ర ఆ మాటే అంటుంది, ఇప్పుడు మనమే ఉన్నాం, పరాయివాళ్ళు ఇంకా రాలేదు అని. మీ బేస్‌మెంట్‌లో 20 మంది అనగానే నాకు అదే గుర్తొచ్చింది.

మంచుకిటికీ (డిసెంబర్ 3)
నాటకాలబండి తమ్ముడూ, నువ్వు అడిగింది న్యాయమే. ఊర్మిళ కథ మా అందరికీ తెలుసు, మామయ్యగారికైతే పాటతో సహా వచ్చు. అదే ఇబ్బంది. ఊర్మిళ అనగానే చూసేవాళ్ళకి ముందే కన్నీళ్ళొస్తాయి, ఏం జరుగుతుందో అని ఎవరూ ముందుకి వంగి కూర్చోరు. అల్కయోనీ ఏమవుతుందో మా 20 మందిలో ఒక్కరికీ తెలియదు. రెండోది, నా సొంత కారణం. ఆమె తెలియక ప్రార్థన చేసే ఘట్టం. మా అమ్మ పోయినప్పుడు నేను ఇక్కడ ఉన్నాను, ఫోన్ వచ్చేసరికి తొమ్మిది గంటలు గడిచిపోయాయి. ఆ తొమ్మిది గంటల్లో నేను ఆమె కోసం ఊరగాయ జాడీ కొని కాగితంలో చుట్టి పెట్టెలో సర్దాను. అందుకే ఈ కథ.

తేదీ సంగతి తెలియదండి, శనివారమని పెట్టాం. ఏథెన్సుబాట గారు చెప్పాక ఒళ్ళు జలదరించింది. ఓవిడ్ కథే వేస్తాం.

తెరతాడు గారూ, చెప్పగలిగే మనిషి ఉన్నారు. మామయ్యగారు చిన్నప్పుడు షేక్ నాజర్ గారి బుర్రకథ విన్నారట, ఆ ఊపు ఇంకా ఆయన గొంతులో ఉంది. అడగాలంటే భయంగా ఉంది, గ్రీకు కథ అంటే ఏమంటారో.

గట్టుపిట్ట (డిసెంబర్ 3)
పిట్టల గురించి నేను చెప్తా. కొల్లేరు పక్కన మా ఊరు. లకుముకి నీటి మీద గూడు పెట్టదు. చెరువు గట్టులోనో కాలవ గట్టులోనో ముక్కుతో బొరియ తవ్వుకుని లోపల గుడ్లు పెడుతుంది. కాబట్టి నాటకంలో గడ్డిగూడు పెట్టి నీళ్ళ మీద తేల్చకండి, చూసినవాడికి మనసొప్పదు. మా గట్టు మీద కనబడే తెల్లగొంతు లకుముకి శాస్త్రీయ నామం హాల్సియన్ స్మిర్నెన్సిస్, హాల్సియన్ అంటే మీ అల్కయోనీయే. మీరుండే చోట కూడా ఒకటుంది, మెడకి పట్టీ ఉన్న పెద్దది, మెగాసెరైలీ ఆల్కియాన్. నీళ్ళు గడ్డకట్టగానే దక్షిణానికి పోతుంది. కేయిక్స్ పేరు మీద కూడా ఒక ప్రజాతి ఉంది, సీక్స్ అంటారు, చిట్టి లకుముకులు.

రెక్కలు కట్టుకుని ఎగరడం వద్దు. లకుముకి కొమ్మ మీద కూర్చున్నప్పుడు మెడ లోపలికి లాక్కుని, బరువంతా ముక్కులోనే ఉన్నట్టు కిందికి చూస్తుంది, కదలదు. నిమిషాల తరబడి. తర్వాత ఒక్కసారి తల కిందికీ పైకీ ఆడిస్తుంది, దూరం కొలుస్తున్నట్టు. అది నేర్చుకుంటే చాలు, పిట్ట వచ్చేస్తుంది.

ఉప్పాడతీరం (డిసెంబర్ 4)
నేను ఎప్పుడూ చదివి వెళ్ళిపోతాను, ఈసారి రాయాలనిపించింది. మాది ఉప్పాడ. నాన్న బోటు మీద వేటకెళ్ళేవాడు. వాయుగుండం అని రేడియోలో వస్తే, రేవులో మూడో నంబరు ప్రమాద హెచ్చరిక పెట్టారని తెలిస్తే, మా వీధిలో ఆడవాళ్ళు ఎవరూ ఏడవరు. మాట్లాడరు కూడా. అందరూ పనులు చేసుకుంటారు, మామూలు కంటే ఎక్కువ చేస్తారు. మా అమ్మ శుభ్రంగా ఉన్న గిన్నెలు మళ్ళీ తోమేది. నాకు తుఫాను అంటే ఆ గిన్నెల చప్పుడే. సముద్రం ఎలా ఉందో మాకు కనబడేది కాదు, ఇంట్లో ఉన్నాం కదా.

మీరు ఓడ గురించి అడుగుతున్నారు. ఆమె ఓడలో లేదు కదండీ.

తెరతాడు (డిసెంబర్ 4)
ఉప్పాడ బాబు చెప్పినదాని మీద నేను కొత్తగా చెప్పేది లేదు. ఓడ తీసెయ్యి తల్లీ. ఓవిడ్ తుఫానుకి దాదాపు 100 పాదాలు రాశాడంటారు, నువ్వు దాన్ని వంటింట్లోంచి వినిపించు. మామయ్యగారిని కథకుడిగా నిలబెట్టు, పిల్లలిద్దరినీ వంతలుగా పెట్టు. బుర్రకథలో ఒక వంత హాస్యం, ఒక వంత రాజకీయం కదా, ఇక్కడ ఒకరు ఇంట్లో సంగతి, ఒకరు సముద్రం సంగతి అందుకుంటారు. గ్రీకు కోరస్ చేసే పని అదే, పక్కన నిలబడి అడుగుతుంది, భయపడుతుంది, ఊ కొడుతుంది. తుఫాను వచ్చేసరికి సముద్రం వంత నోరు మూసుకోవాలి. ఇంటి వంత ఒక్కడే తందాన అనాలి.

మంచుకిటికీ (డిసెంబర్ 8)
మామయ్యగారిని అడిగాను. కథంతా విని చాలాసేపు ఏమీ అనలేదు, తర్వాత "గాలిని కట్టేసేవాడి అల్లుడు గాలికే పోయాడా" అన్నారు. మర్నాడు పొద్దున్నే చూస్తే పాత డైరీలో రాసుకుంటున్నారు. పేర్లు మార్చలేదు ఆయన, అల్కయోనమ్మ అన్నారు అంతే. తాళానికి స్టీలు బిందె బోర్లించి కొడుతున్నారు.

ఇంకో ఆలోచన నాది, మీ అందరి అభిప్రాయం కావాలి. మాకు నీళ్ళు లేవు కానీ మంచు ఎంత కావాలంటే అంత ఉంది. నాటకం మొదలవగానే ఒక చిల్లుల గిన్నెలో బయటి మంచు నింపి స్టాండ్‌కి వేలాడదీసి కింద స్టీలు బేసిన్ పెడతాం. నాటకం నడుస్తున్నంతసేపూ అది కరిగి చుక్కలు చుక్కలుగా పడుతుంది. సముద్రం అదే. నిన్న చేసి చూశాం, ఇరవై నిమిషాలు ఒక్క చుక్క పడలేదు! పైన కుంగిపోయింది, లోపల తడిసింది, నీళ్ళు మాత్రం కిందికి రాలేదు. ఆ తర్వాత ఒక్కసారిగా గబగబా మొదలైంది, ఎవరూ మాట్లాడుకోలేనంత.

టొరంటోచలి (డిసెంబర్ 8)
కొత్త మంచు స్పంజిలాంటిదండి, కరిగిన నీళ్ళని తనే పట్టుకుంటుంది. నిండా తడిసేదాకా వదలదు. అడుగున గట్టిగా అదిమి, పైన వదులుగా వేయండి. లేకపోతే చూరుకి వేలాడే మంచు ఊడలు రెండు విరిచి తెచ్చి దారంతో కట్టండి, కొస నుంచి ఒకే వేగంతో చుక్క పడుతుంది. బేసిన్‌లో ముందే వేలెడు లోతు నీళ్ళు పోస్తే చప్పుడు మెత్తగా ఉంటుంది, ఖాళీగా ఉంచితే టంగుమంటుంది. మీకు ఏది కావాలో చూసుకోండి. ఇంకొకటి, ఆ టైమ్‌లో హీటర్ ఆన్ అయితే ఫ్యాన్ చప్పుడు చుక్కల్ని మింగేస్తుంది. మొదలుపెట్టే ముందు ఇల్లు బాగా వెచ్చబెట్టి ఆపేయండి, 20 మంది కూర్చుంటే గంటసేపు చలి తెలియదు.

ఏథెన్సుబాట (డిసెంబర్ 9)
చుక్కల ఆలోచన చాలా బాగుంది. నిద్రదేవుడి గుహలో కూడా నీటి చప్పుడు ఉంది, లీథీ అనే మరపు నది గులకరాళ్ళ మీద పారుతూ నిద్రపుచ్చుతుందని. అక్కడ కోడి కూయదు, కుక్క మొరగదు, గుమ్మం ముందు గసగసాల పూలు. ఇల్లంతటికీ ఒక్క తలుపు లేదు, బందు కిర్రుమంటుందని. నిద్రదేవుడు లేవబోయి మళ్ళీ ఒరిగిపోతాడు, గడ్డం గుండెకి తగులుతుంది, ఆఖరికి తనలోంచి తనని విదిలించుకుని లేస్తాడు. ఆ ఒక్క మాట ఎలాగైనా ఉంచండి.

కలలో వచ్చేది మోర్ఫియస్, మనుషుల రూపం వేయగలిగేవాడు. తడిసిన గడ్డం, జుట్టులోంచి కారే నీళ్ళతో మంచం దగ్గర నిలబడి, నన్ను గుర్తుపట్టావా అని అడుగుతాడు.

నాటకాలబండి (డిసెంబర్ 9)
అక్కా, నిద్రదేవుడి వేషం చిన్నపిల్లాడికి ఇవ్వండి. పెద్దవాళ్ళు వేస్తే నిద్ర నటిస్తారు. పిల్లాడు నిజంగా ఆవులిస్తాడు. మొదట్లో నేను అన్నది వెనక్కి తీసుకోవడం లేదు, ఊర్మిళ నేను వేస్తాను మా కాలేజీలో, ఓడ లేకుండా అన్నట్టే అడవి లేకుండా.

మంచుకిటికీ (డిసెంబర్ 15)
నిద్రదేవుడు మా చిన్నవాడే, ఆరేళ్ళు. తడి మోర్ఫియస్‌గా మావారు తల మీద మంచు పెట్టుకుని మెట్ల పైన తలుపు దగ్గర నిలబడతారు. మెట్లు దిగేలోపు కరిగి కారుతుంది. మా బేస్‌మెంట్ తలుపు బందు కిర్రుమంటుంది, నూనె వేద్దామనుకుని ఆగిపోయాను. నాటకమంతా ఆ తలుపు తెరవం, ఆ ఒక్కసారే కిర్రుమంటుంది.

ఉప్పాడతీరం గారూ, ఒక సాయం. ఓవిడ్‌లో ఆమె రాత్రులు లెక్కపెట్టుకుంటూ, అతను వచ్చాక కట్టుకోవడానికి అతనికీ తనకీ బట్టలు నేస్తూ ఉంటుంది. మగ్గం నాకు చేతకాదు, అబద్ధంలా ఉంది. మీ అమ్మగారు ఏం చేసేవారు?

ఉప్పాడతీరం (డిసెంబర్ 16)
నిన్న అమ్మని అడిగాను. గిన్నెలు తోమడం తనకి గుర్తే లేదట, అలా చేశానా అంది. ఇంకొకటి చెప్పింది. నాన్న వేటలో ఉన్నన్ని రోజులూ రాత్రి అన్నం మిగిల్చి నీళ్ళు పోసి మూత పెట్టేది, తెల్లారి ఏ వేళకి ఒడ్డుకి వచ్చినా చద్దన్నం ఉండాలని. రాకపోతే పొద్దున అది తను తినేసేది. మళ్ళీ రాత్రికి కొత్తది. "పారబోస్తే రాడేమో అనిపించేదిరా" అంది. ఇది నాకు ఇన్నాళ్ళూ తెలియదు. నాన్న ప్రతిసారీ వచ్చాడు, ఇప్పుడు ఇంట్లోనే ఉన్నాడు, పక్కనే కూర్చుని వింటూ ఏమీ మాట్లాడలేదు.

మీకు పనికొస్తే వాడుకోండి, అమ్మ సరేనంది.

మంచుకిటికీ (డిసెంబర్ 29)
నిన్న వేశాం. 23 మంది వచ్చారు, ముగ్గురు మెట్ల మీద కూర్చున్నారు. 55 నిమిషాలు పట్టింది.

ఊడలు కట్టలేదు, మంచే పెట్టాం, టొరంటోచలి గారు చెప్పినట్టు అడుగున అదిమి. పదకొండో నిమిషంలో మొదటి చుక్క పడింది, ఎవరో ఉలిక్కిపడ్డారు. కేయిక్స్ వీడ్కోలు అప్పటికే అయిపోయింది. ఆ తర్వాత నేను చేసిందల్లా అన్నం గిన్నెలో నీళ్ళు పోసి మూత పెట్టడం, తెల్లారినట్టు దీపం మార్చగానే మూత తీసి తినడం. ఆరుసార్లు. మొదటి రెండుసార్లూ చూసేవాళ్ళు కదులుతూ కూర్చున్నారు, ఏదైనా జరుగుతుందేమో అన్నట్టు. నాలుగోసారి మూత పెట్టేటప్పుడు గదిలో ఎవరూ దగ్గలేదు కూడా. మామయ్యగారు తుఫాను చెప్తున్నారు, ఓడని ముంచే పదో అల పేరు మీద గొంతు పైకి లేపి, బిందె మీద చెయ్యి ఆపేశారు. మా పెద్దది సముద్రం వంత, తెరతాడు గారు చెప్పినట్టు మౌనంగా ఉంది. చిన్నవాడు ఒక్కడే తందాన తాన అన్నాడు, సన్నగా. నేను అప్పుడు అన్నం తింటున్నాను, గొంతు దిగలేదు, నిజంగానే దిగలేదు.

తలుపు కిర్రుమన్నప్పుడు మెట్ల మీద కూర్చున్న ఆవిడ లేచి దారి ఇచ్చింది, మావారి తల నుంచి నీళ్ళు ఆవిడ చేతి మీద పడ్డాయి. ఆవిడ తుడుచుకోలేదు.

పిట్ట ఘట్టం అనుకున్నంత రాలేదు. గట్టుపిట్ట గారు చెప్పిన మెడ నాకు ఇంకా పట్టుబడలేదు, తల ఆడించడం తొందరగా చేసేశాను. మళ్ళీ ఫిబ్రవరిలో వేయమంటున్నారు, అప్పటికి నేర్చుకుంటాను.

మామయ్యగారు ఈ పొద్దున కిటికీల మధ్య తిరగలేదు. డైరీ ముందేసుకుని కూర్చుని, చివర పిట్టలయ్యే చోట ఇంకో నాలుగు చరణాలు ఉండాలంటున్నారు.

తెరతాడు (డిసెంబర్ 29)
ఆ నాలుగు చరణాలు రాసినవి రాసినట్టు ఇక్కడ పెట్టమ్మా. ఫిబ్రవరికి దీపాలు ఎలా మార్చావో కూడా రాయి, ఆరు తెల్లవారుఝాములంటే ఆరుసార్లూ ఒకే రంగు వేశావా?

మంచుకిటికీ (డిసెంబర్ 30)
ఒకే బల్బు అండి, ముందు పాత దుప్పటి కప్పి ఉంచి, రోజుకి కొంచెం చొప్పున లాగాం. ఆరో రోజుకి పూర్తిగా తీసేశాం. చరణాలు రేపు పెడతాను, ఆయన ఇంకా కొట్టేసి రాస్తున్నారు.

ఉప్పాడతీరం (డిసెంబర్ 30)
అమ్మకి చదివి వినిపించాను. ఆరుసార్లు తినేశావా అని అడగమంది. ఏడోసారి గిన్నె ఏం చేశారని కూడా.

మంచుకిటికీ (డిసెంబర్ 30)
మూత పెట్టి అలాగే వదిలేశాం. నాటకం అయ్యాక అందరూ వెళ్ళిపోయినా ఎవరూ తీయలేదు. పొద్దున నేనే తిన్నాను.